వెన్నులో బాకు దిగినట్టు

వెన్నుపాముకు రక్తం అందించే సన్నని ధమనుల్లో ఉబ్బు రావడం చాలా అరుదు. అది పగిలితే గంటల్లో కాళ్లు పడిపోవచ్చు. మామూలు నడుం నొప్పుల గుంపులో దాన్ని గుర్తుపట్టడం ఎలా? ఉక్కునగరం భిలాయ్ నుంచి కథనం.

భిలాయ్ సెక్టర్ 7లో నడుం నొప్పి ఎరగని ఇల్లు దొరకడం కష్టం. కర్మాగారంలో మూడు షిఫ్టులూ తిరిగి రిటైరైన పెద్దలు, క్వార్టర్లలో ఏళ్ల తరబడి బకెట్లు మోసిన ఆడవాళ్లు, కల్యాణ్ కాలేజీకి బైకుల మీద వచ్చే కుర్రాళ్లు, అందరికీ అది పరిచయమే. బామ్ రాస్తారు, బెల్టు కడతారు, మందుల షాపులో రెండు మాత్రలు కొంటారు. మరీ ఎక్కువైతే దగ్గర్లోనే సెక్టర్ 9 ఉంది. అంటే జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం. ఆ పూర్తి పేరుతో దాన్ని ఇక్కడ పిలిచేవాళ్లు తక్కువ. 'సెక్టర్ 9కి తీసుకెళ్లారు' అంటే చాలు, ఎవరికో సీరియస్‌గా ఉందని టౌన్‌షిప్ అంతా అర్థం చేసుకుంటుంది.

ఈ నొప్పుల్లో అత్యధిక భాగం కండరాలవి, డిస్కులవి. కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గేవి. వైద్యుడి అసలు పరీక్ష మిగిలిన కొద్దిపాటి నొప్పులతోనే. వాటిలోనూ అట్టడుగున ఒక జబ్బు దాక్కుని ఉంటుంది. వెన్నుపాముకు రక్తం తెచ్చే ధమని గోడ ఒకచోట బలహీనపడి, లోపలి ఒత్తిడికి బుడగలా ఉబ్బుతుంది. దీన్నే ఏన్యూరిజం అంటారు. మెదడులో వచ్చే ఏన్యూరిజం గురించి ఇప్పుడు చాలామంది విన్నారు. వెన్నులో వచ్చేదాని గురించి వైద్య విద్యార్థులు కూడా పుస్తకంలో ఒక పేరా చదివి పేజీ తిప్పేస్తారు. మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే పొరల కింద రక్తస్రావం జరిగిన రోగుల్లో, ఆ రక్తం వెన్నులోంచి వచ్చినవారు నూటికి ఒకరు కూడా ఉండరు. వారిలోనూ ఎక్కువమందికి కారణం రక్తనాళాల చిక్కుముడులు. మరే లోపమూ లేకుండా ఏన్యూరిజం ఒక్కటే ఉన్నవాళ్లు ఇంకా అరుదు. ప్రపంచ వైద్య పత్రికల్లో వీరి గురించి ఉన్నవి చాలావరకు ఒకటీ రెండూ కేసుల నివేదికలే.

ఆ నివేదికలన్నీ పక్కన పెట్టుకుని చదివితే కథ దాదాపు ఒకేలా మొదలవుతుంది. మనిషి అప్పటిదాకా బాగానే ఉంటాడు. వంగి ఏదో ఎత్తుతున్నప్పుడో, ఏ పనీ చేయకుండా కూర్చున్నప్పుడో, వీపులో ఒక చోట ఒక్కసారిగా భరించలేని నొప్పి. నొప్పి మొదలైన నిమిషం కూడా రోగి చెప్పగలడు. ఫ్రెంచి వైద్యుడు మిషోన్ 1928లో దీన్ని వెన్నులో బాకుపోటుగా వర్ణించాడు. ఆ పేరు ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. నొప్పి నడుం నుంచి కాళ్లలోకి, లేదా వీపు నుంచి మెడకు పాకుతుంది. కొన్ని గంటల్లో తలనొప్పి, వాంతులు, మెడ బిగుసుకుపోవడం. కొందరికి కాళ్లలో తిమ్మిరి, బలం తగ్గడం, మూత్రం బిగిసిపోవడం. కొందరికి ఇవేవీ లేకుండా నొప్పి మాత్రమే. ఇబ్బందంతా వీళ్లతోనే.

ఎందుకంటే ఆ నొప్పికి సులువైన వివరణలు చాలా ఉన్నాయి. డిస్కు జారింది, కిడ్నీలో రాయి, గ్యాస్, గుండె. మెడ బిగిస్తే మెనింజైటిస్. ఛత్తీస్‌గఢ్‌లో వీటికి ఇంకొకటి తోడవుతుంది, సికిల్ సెల్. ఈ రక్తవ్యాధి ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఛత్తీస్‌గఢ్ ఒకటి. దాని సంక్షోభంలో వీపు, నడుం, కాళ్లు తీవ్రంగా నొప్పి పుడతాయి. పదిహేడేళ్ల కుర్రాడు వీపు పట్టుకుని విలవిల్లాడుతూ వస్తే ఇక్కడి డ్యూటీ డాక్టర్ మొదట దాన్నే అనుమానిస్తాడు, అలా అనుమానించడం సరైనదే. కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌ను 2023 జూలైలో మొదలుపెట్టింది. అయితే సికిల్ సెల్ ఉన్నవాళ్లకు మెదడు ధమనుల్లో ఏన్యూరిజాలు వచ్చే అవకాశం మిగతావారికంటే ఎక్కువ. అంటే సికిల్ కార్డు చూడగానే మిగతా ఆలోచన ఆపేయకూడదు. మామూలు సంక్షోభంలో లేని కొత్త లక్షణం, ముఖ్యంగా మెడ బిగువో కాలి బలహీనతో కనిపిస్తే ఇంకో మెట్టు ముందుకు వెళ్లాల్సిందే.

తెలుగువాళ్లతో ఇంకో చిక్కు ఉంది. మనకు రక్తనాళమూ నరమే, నాడీ నరమే. 'నరం పట్టేసింది', 'నరం చిట్లింది', 'నరం లాగుతోంది' అన్నీ ఒకే మాట. ధమనీ విస్ఫారం లాంటి పుస్తకపు మాట ఏ వార్డులోనూ వినిపించదు. భిలాయ్‌లో ఆ నరం హిందీలో 'నస్' అయి, కేస్ షీట్ మీద ఇంగ్లిష్‌లోకి మారేసరికి అసలు రోగి ఏం చెప్పాడో సగం పోతుంది. మాటల గందరగోళం మాట అటుంచితే, ఈ జబ్బులో మాత్రం రెండు నరాలూ నిజంగానే ఒకచోట కలుస్తాయి. చిట్లేది రక్తనాళం, దెబ్బతినేది వెన్నుపాము.

ఆ వెన్నుపాము మగవాళ్లలో దాదాపు 45 సెంటీమీటర్ల పొడవు, చిటికెన వేలంత లావు. మెదడుకు నాలుగు పెద్ద ధమనులు రక్తం పంపుతాయి. వెన్నుపాముది అంత ఉదారమైన ఏర్పాటు కాదు. పై నుంచి కింది దాకా ముందువైపు ఒకటి, వెనకవైపు రెండు, మొత్తం మూడు సన్నని ధమనులు. ముందున్న ఒక్కటే వెన్నుపాములో మూడింట రెండు వంతులను పోషిస్తుంది. కాళ్లు కదిలించే తంతువులు చాలావరకు ఆ భాగంలోనే ఉంటాయి. ఈ మూడింటికీ దారి పొడవునా మెడ, ఛాతీ, నడుం దగ్గరి ధమనుల నుంచి పిల్ల కాల్వలు వచ్చి కలుస్తాయి. పిండదశలో ఇవి 31 జతలు. పెరిగేకొద్దీ చాలావరకు ఎండిపోయి, పెద్దవాళ్లలో ముందరి ధమనికి చెప్పుకోదగ్గ రక్తం తెచ్చేవి కొన్నే మిగులుతాయి.

వాటిలో అన్నింటికంటే పెద్దది అడమ్‌కీవిచ్ ధమని. పోలండ్‌కు చెందిన ఆల్బర్ట్ అడమ్‌కీవిచ్ 1880ల మొదట్లో క్రాకోలో మృతదేహాల వెన్నుపాములను పరిశీలించి వాటి రక్తనాళాలను వర్ణించాడు. చాలామందిలో ఈ ధమని ఎడమ పక్కన, ఛాతీ కింది భాగం ఎత్తులో బయల్దేరి, పైకి ఎక్కి, జడపిన్ను మలుపు తిరిగి వెన్నుపాము ముందు ధమనిలో కలుస్తుంది. 'పెద్దది' అన్నా దాని వెడల్పు మిల్లీమీటరుకు అటూఇటూ. నడుం నుంచి కింది వెన్నుపాము భారం ఎక్కువగా దానిమీదే. తాండులా కాల్వ నీళ్లు మరోదా చెరువుకు రాకపోతే ఉక్కు కర్మాగారం ఏమవుతుందో భిలాయ్‌వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఇంత సన్నని నాళంలో బుడగ ఎందుకు వస్తుంది? మెదడులో ఏన్యూరిజాలు ఎక్కువగా ధమని రెండుగా చీలే చోట, రక్తం ఉరవడి గోడకు కొట్టుకునే చోట, కాడకు వేలాడే ద్రాక్షపండులా పుడతాయి. వెన్ను ధమనులు సన్నవి, ప్రవాహం నిదానం, పెద్ద చీలికలు తక్కువ. కాబట్టి అక్కడ అవి అరుదు. వచ్చినా కాడ ఉండదు, గొట్టం మొత్తం ఉబ్బి కదురులా కనిపిస్తుంది. చాలా కేసుల్లో ధమని లోపలి పొర చీలి, ఆ చీలికలోకి రక్తం చొరబడటం కారణమని భావిస్తున్నారు. రెండో దారి, ప్రవాహం అసాధారణంగా పెరగడం. ధమనులూ సిరలూ నేరుగా చిక్కుపడిపోయిన చోట, ఆ చిక్కుకు రక్తం మోసే ధమని ఒత్తిడి తట్టుకోలేక ఉబ్బుతుంది.

మూడో దారి గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. ఎందుకంటే దాన్ని ముందే పట్టుకోవడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. పుట్టుకతోనే బృహద్ధమని ఒకచోట నొక్కుకుపోయి ఉండే జబ్బు ఉంది, కోఆర్క్టేషన్ అంటారు. కిందికి వెళ్లాల్సిన రక్తానికి ముఖ్య దారి ఇరుకు కాబట్టి అది పక్క దారులు వెతుక్కుంటుంది. వాటిలో వెన్నుపాము ధమనులు కూడా ఉన్నాయి. మిల్లీమీటరు నాళం కొన్నేళ్లలో లావెక్కి, మెలికలు తిరిగి, ఎక్కడో ఉబ్బుతుంది. ఇలాంటి మనిషికి చేతిలో బీపీ ఎక్కువ, కాలిలో తక్కువ. గజ్జల దగ్గర నాడి వేలికి ఆనదు, ఆనినా చేతి నాడి కంటే ఆలస్యంగా. ఛాతీ ఎక్స్‌రేలో పక్కటెముకల అడుగు అంచులు కొరికినట్టు కనిపిస్తాయి. పాతికేళ్ల కుర్రాడికి బీపీ ఎందుకు ఎక్కువుందని ఒక్కసారి కాలి బీపీ కూడా చూస్తే దొరికిపోయే జబ్బు ఇది. దొరికితే సరిచేయవచ్చు. నవా రాయ్‌పూర్‌లోని శ్రీ సత్యసాయి సంజీవని ఆసుపత్రి పుట్టుకతో వచ్చే గుండె జబ్బులున్న పిల్లలకు ఉచితంగా శస్త్రచికిత్సలు చేస్తోంది. భిలాయ్ నుంచి అది గంటన్నర లోపు ప్రయాణం. ఉద్యోగంలో చేరే ముందు జరిగే వైద్య పరీక్షలో కాలి నాడి చూడటం ఎంతమందికి గుర్తుంటుందన్నదే సందేహం.

కింది నుంచి వెతకాలి

బాకుపోటు నొప్పితో, మెడ బిగువుతో రోగి అత్యవసర విభాగానికి వచ్చాడనుకుందాం. మొదట తలకు సీటీ స్కాన్ తీస్తారు. వెన్నులో పగిలిన ఏన్యూరిజం అయితే అందులో ఏమీ కనిపించకపోవచ్చు. లేదా రక్తం పైకి పాకి, తల వెనక కింది భాగంలో కొద్దిగా పేరుకుని కనిపించవచ్చు. రెండో రకమే ఎక్కువ మోసం చేస్తుంది. రక్తం కనిపించింది కాబట్టి జబ్బు మెదడులోనే ఉందనుకుంటారు. నాలుగు ధమనులకూ యాంజియోగ్రామ్ చేస్తారు. బుడగ దొరకదు. మెదడు చుట్టూ రక్తస్రావమైన రోగుల్లో దాదాపు 15 శాతం మందికి మొదటి యాంజియోగ్రామ్‌లో కారణం దొరకదు. వాళ్లలో చాలామందిది ప్రమాదం లేని రకమే. కానీ నొప్పి తలలో కాక వీపులో మొదలైందా అన్న ప్రశ్న అప్పుడైనా అడగాలి. ఆ ప్రశ్నకు జవాబు సాధారణంగా రోగి మొదటి రోజే చెప్పి ఉంటాడు, ఎవరూ రాసుకుని ఉండరు.

నడుంలో సూది గుచ్చి తీసే నీరు ఇక్కడ పెద్ద సాక్ష్యం. అందులో రక్తమో, రక్తం విరిగి వచ్చిన పసుపు రంగో ఉంటే పొరల కింద రక్తస్రావం జరిగినట్టే. సూది గుచ్చినప్పుడు చిట్లిన రక్తం కూడా కలవవచ్చు కాబట్టి ఆ పసుపు రంగుకు విలువ ఎక్కువ. ఆ తర్వాత వెన్ను మొత్తానికి ఎమ్మారై. 'మొత్తానికి' అన్న మాట ముఖ్యం. నడుం నొప్పి అనగానే నడుం భాగానికి మాత్రమే ఎమ్మారై రాసి, అక్కడ వయసుకు తగ్గ డిస్కు అరుగుదల కనిపించగానే కేసు ముగించేయడం జరుగుతుంటుంది. నలభై దాటినవాళ్లలో డిస్కు అరుగుదల లేని ఎమ్మారై తక్కువే. అసలు బుడగ ఛాతీ మధ్యలో ఉంటే ఆ ఫిల్మ్‌లో అది ఉండనే ఉండదు.

ఉక్కునగరంలో ఎమ్మారైకి ఇంకో జాగ్రత్త ఉంది. వెల్డింగ్, గ్రైండింగ్ చేసినవాళ్ల కంట్లో ఎప్పుడో పడిన ఇనుప రవ్వ అలాగే ఉండిపోవచ్చు. వాళ్లకు గుర్తు కూడా ఉండదు. ఎమ్మారై అయస్కాంతం దాన్ని కదిలిస్తే కన్ను పోతుంది. అందుకే లోహపు పని చేసినవారిని, కంటికి ఎప్పుడైనా దెబ్బ తగిలిందా అని అడిగి, అనుమానముంటే ముందు కంటికి ఎక్స్‌రే తీసి తర్వాతే లోపలికి పంపాలి. స్కానింగ్ కేంద్రంలో చేతి గడియారం, బెల్టు తీయమని అడిగే శ్రద్ధ ఈ ప్రశ్నకు కూడా ఉండాలి.

ఎమ్మారైలో రక్తపు గడ్డ, వాచిన వెన్నుపాము, ఒక్కోసారి చిన్న చుక్కలా బుడగ కనిపిస్తాయి. తుది తీర్పు మాత్రం స్పైనల్ యాంజియోగ్రామ్‌దే. పోర్చుగీసు వైద్యుడు ఈగాస్ మోనిజ్ 1927లో మెదడు రక్తనాళాలను ఎక్స్‌రేలో చూపించాడు. స్వీడన్‌కు చెందిన సెల్డింగర్ 1953లో ధమనిలోకి సూది, తీగ, గొట్టం ఒకదాని మీదుగా ఒకటి పంపే పద్ధతి కనిపెట్టాడు. ఆ రెండింటినీ వెన్నుకు వాడటం 1960లలో పారిస్‌లో జిండ్జియన్, అమెరికాలో డి కీరో, డాప్‌మన్ బృందాల చేతుల్లో సాధ్యమైంది. నేటికీ పద్ధతి మారలేదు. గజ్జల్లోని ధమని ద్వారా సన్నని గొట్టం పంపి, మెడ నుంచి కటి దాకా రెండు వైపులా ఒక్కో శాఖ ద్వారాన్నీ వెతికి పట్టుకుని, ఒక్కోదానిలో రంగు మందు ఎక్కించి చిత్రాలు తీయాలి. గుండె యాంజియోగ్రామ్‌లో చూసేవి రెండు ధమనులైతే ఇక్కడ ముప్పైకి పైనే. గంటల పని. రంగు మందు మోతాదు ఎక్కువ కాబట్టి షుగర్‌తో కిడ్నీలు దెబ్బతిన్నవారికి అదనపు జాగ్రత్త. ఊపిరి కదలికకే చిత్రం చెదిరిపోతుంది కనుక చాలాసార్లు మత్తు ఇచ్చి చేస్తారు. గుండె స్టెంట్లు వేసే క్యాథ్ ల్యాబ్ ఉన్న ప్రతిచోటా ఇది జరగదు. యంత్రం ఉన్నా ఆ ముప్పై ద్వారాల దారి తెలిసిన చేయి కావాలి.

తొందరపడితే కాళ్లు, ఆలస్యమైతే ప్రాణం

బుడగ దొరికాక మొదలవుతుంది అసలు మీమాంస. మెదడు ఏన్యూరిజం పగిలితే వీలైనంత త్వరగా మూసేయాలన్నది స్థిరపడిన సూత్రం. వెన్నులో అలాంటి సూత్రం లేదు. ఒక పద్ధతికి మరో పద్ధతిని పోటీ పెట్టి తేల్చేంతమంది రోగులు ఏ దేశంలోనూ పోగవ్వలేదు. ఉన్న అనుభవం చెప్పేదేమంటే, లోపలి పొర చీలి ఏర్పడిన కదురు ఆకారపు బుడగల్లో కొన్ని వాటంతటవే గడ్డకట్టి మాయమవుతాయి. అందుకే రోగి స్థిమితంగా ఉంటే కొన్ని బృందాలు బీపీని అదుపులో పెట్టి, పడకలో ఉంచి, కొద్దిరోజుల తర్వాత మళ్లీ యాంజియోగ్రామ్ చేస్తాయి. తగ్గుతుంటే వదిలేస్తాయి. పెరుగుతుంటే, మళ్లీ రక్తస్రావమైతే, కాళ్లు బలహీనపడుతుంటే రంగంలోకి దిగుతాయి. బయటికి ఏమీ చేయనట్టు కనిపించే ఈ వైద్యం బంధువులకు మింగుడుపడదు. 'ఇంత పెద్ద ఆసుపత్రికి తెచ్చి మంచమ్మీద పడుకోబెట్టారేమిటి' అనిపిస్తుంది. అది నిర్లక్ష్యం కాదు. వెయ్యి కళ్లతో కాపలా కాయడం.

దిగాల్సి వస్తే దారులు రెండు. ఒకటి, వచ్చిన దారినే తిరిగి వెళ్లడం. గజ్జల నుంచి ఇంకా సన్నని మైక్రోకాథెటర్‌ను బుడగ దాకా నడిపి, జిగురు లాంటి ద్రవంతోనో, ప్లాటినం తీగచుట్టతోనో మూసేయడం. ఇటలీలో పుట్టిన గుగ్లియెల్మీ రూపొందించిన ఇలాంటి తీగచుట్టలు 1990ల మొదటి నుంచి మెదడు ఏన్యూరిజాల వైద్యాన్ని మార్చేశాయి. వెన్నులో అంత తేలిక కాదు. బుడగకు కాడ లేదు కాబట్టి బుడగను మూస్తే ధమనే మూసుకుపోతుంది. వెనక ధమనులైతే అవి వలలా అల్లుకుని ఉంటాయి, ఒకచోట మూసినా పక్క నుంచి రక్తం అందే అవకాశం ఎక్కువ. ముందరి ధమని మూసుకుపోతే కాళ్లు పోవచ్చు. అందుకని మూసే ముందు ఆ నాళంలోకి కొద్దిగా మత్తుమందు పంపి, కాళ్ల సంకేతాలు ఆగుతున్నాయా చూసే పరీక్ష ఒకటి ఉంది. ఆగితే వెనక్కి రావాలి.

రెండోది శస్త్రచికిత్స. వెన్నుపూస వెనక కప్పు తొలగించి, మైక్రోస్కోపు కింద వెన్నుపాము పొర తెరిచి బుడగను చేరతారు. వెనక ధమని బుడగను రెండు వైపులా కట్టి కోసి తీసేయవచ్చు. ముందరి ధమనిది అయితే దాని చుట్టూ గుడ్డపీలికలాంటిది చుట్టి గోడకు బలం ఇవ్వడం లాంటివి చేస్తారు. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ తల మీద, కాళ్ల మీద అమర్చిన ఎలక్ట్రోడ్ల ద్వారా మెదడుకూ కాళ్లకూ మధ్య సంకేతాలు నడుస్తున్నాయో లేదో ఒకరు కనిపెట్టి ఉంటారు. సంకేతం పడిపోతే సర్జన్ చేయి ఆగుతుంది. రక్తం గడ్డ వెన్నుపామును నొక్కి కాళ్లు పడిపోతుంటే మాత్రం ఈ తర్కవితర్కాలకు సమయం ఉండదు. ఒత్తిడి తీసేయడమే మొదటి పని.

వెన్నుపాము రక్తనాళం విలువ ఏమిటో ఎక్కువగా తెలిసివచ్చింది ఇంకో ఆపరేషన్ బల్ల మీద. ఛాతీ నుంచి పొట్టలోకి దిగే బృహద్ధమని ఉబ్బితే, ఆ భాగం తీసి కృత్రిమ గొట్టం వేస్తారు. ఆ గోడ నుంచే అడమ్‌కీవిచ్ లాంటి శాఖలు బయల్దేరతాయి. గొట్టం మార్చినప్పుడు అవి తెగిపోతే గుండె బాగుండి, ప్రాణం దక్కి, మెలకువ వచ్చిన రోగి కాళ్లు కదపలేడు. హ్యూస్టన్‌లో క్రాఫర్డ్ చేసిన 1509 మంది రోగుల ఆపరేషన్లను స్వెన్సన్ బృందం 1993లో విశ్లేషిస్తే 16 శాతం మందికి కాళ్ల పక్షవాతమో బలహీనతో వచ్చిందని తేలింది. అదే నగరంలో కొసెల్లీ బృందం 2002లో ప్రచురించిన పరీక్షలో 145 మందిని రెండుగా విభజించి, ఒక వర్గానికి వెన్ను నీటిని కొద్దికొద్దిగా బయటికి తీశారు. అలా చేయనివారిలో 13 శాతం మందికి కాళ్లు దెబ్బతింటే, చేసినవారిలో 2.6 శాతం మందికే అలా జరిగింది. నీటి ఒత్తిడి తగ్గితే వెన్నుపాములోకి రక్తం సులువుగా వెళ్తుందన్నదే ఇందులోని కిటుకు. ఇక ఈ బృహద్ధమని ఉబ్బుకు పొగాకు, అదుపులేని బీపీ నిరూపితమైన కారణాలు. కొలిమి పక్క పని ముగిశాక బీడీ, ఉదయాన్నే గుడాఖు, బీపీ మాత్ర 'తల తిరిగినప్పుడే' వేసుకోవడం ఈ ప్రాంతంలో ఎంత మామూలో ఇక్కడివాళ్లకు తెలుసు.

ఒకే ఊరు, రెండు కార్డులు

సోవియట్ సాయంతో భిలాయ్ కర్మాగారం కట్టాలన్న ఒప్పందం 1955లో కుదిరింది. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ రోజుల నుంచే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి తెలుగువాళ్లు ఇక్కడికి వచ్చారు. కొందరు పర్మినెంట్ ఉద్యోగాల్లో కుదిరి సెక్టర్ల చెట్లనీడన క్వార్టర్లు పొందారు. చాలామంది కాంట్రాక్టర్ల కింద తట్ట మోశారు. ఖుర్సీపార్‌లో నేటికీ తెలుగు వినిపిస్తుంది. రెండు వర్గాల జీవితాలు ఎంత దూరం జరిగాయో బ్రిటిష్ మానవశాస్త్రవేత్త జొనాథన్ పారీ దశాబ్దాల పాటు ఇక్కడ తిరిగి 2020లో వెలువరించిన పెద్ద పుస్తకంలో వివరించారు.

జబ్బు చేసినప్పుడు ఆ దూరం కొలవడం మరీ సులువు. పర్మినెంట్ ఉద్యోగికి సెక్టర్ 9 ఉంది. అక్కడ కుదరకపోతే పెద్ద ఆసుపత్రికి రెఫరల్ ఉంది. రిటైరైనవారికి సెయిల్ మెడిక్లెయిమ్ ఉంది. కాంట్రాక్టు కార్మికుడికి, పేరు నమోదై చందా కట్టి ఉంటే ఈఎస్ఐ. లేకపోతే 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ కార్డు, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా. కార్డు చికిత్స ఖర్చు భరిస్తుంది సరే. జబ్బు పేరు తేలేదాకా తిరిగే తిరుగుడు, పోయే కూలి, వెంట ఉండే మనిషి తిండి, గది అద్దె ఎవరూ భరించరు. ఈ జబ్బులో ఖర్చు ఎక్కువయ్యేది పేరు తేలడానికే. కార్మికులు తమ ఆసుపత్రిని తామే కట్టుకున్న చరిత్ర కూడా ఈ నేలకే ఉంది. భిలాయ్‌కి ఇనుప ఖనిజం పంపే దల్లీ రాజ్‌హరాలో శంకర్ గుహ నియోగి నాయకత్వంలోని గని కార్మికులు 1983లో షహీద్ ఆసుపత్రి తెరిచారు. నియోగి 1991 సెప్టెంబర్ 28న భిలాయ్‌లోనే హత్యకు గురయ్యారు. ఆసుపత్రి నిలిచింది. అయితే ఏ కార్మికుల చందాతోనూ స్పైనల్ యాంజియోగ్రామ్ ల్యాబ్ నడవదు. దానికి రాజ్యం కావాలి.

రాయ్‌పూర్‌లో ఎయిమ్స్ 2012లో మొదలయ్యేదాకా ఇలాంటి రోగికి నాగ్‌పూర్, హైదరాబాద్, వెల్లూరు దారులే గతి. తెలుగు కుటుంబాలైతే అలవాటుగా సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కి విశాఖ చేరేవారు. ఇప్పుడు ముప్పై కిలోమీటర్ల దూరంలో ఎయిమ్స్ ఉంది. 2024 సెప్టెంబర్ నుంచి దుర్గ్, విశాఖల మధ్య వందే భారత్ కూడా నడుస్తోంది. అయినా 'మనవాళ్ల దగ్గరికి' తీసుకుపోదామన్న తొందర తగ్గలేదు. సొంత మనుషులు, సొంత భాష ఉన్నచోట వైద్యం చేయించుకోవాలన్న కోరికను తప్పుపట్టలేం. కానీ వెన్నులో రక్తస్రావమైన మనిషిని రైలు సీట్లో కూర్చోబెట్టి రాయగడ కొండల మీదుగా తీసుకెళ్లడం ప్రమాదం. తరలించాల్సి వస్తే పడుకోబెట్టి, బీపీ చూస్తూ, మూత్రానికి గొట్టం వేసి, అంబులెన్సులోనే తరలించాలి. వెంట సీటీ, ఎమ్మారై సీడీలు ఉండాలి. రిపోర్టు కాగితం ఒక్కటే ఉంటే అవతలి ఆసుపత్రి అన్నీ మళ్లీ మొదలుపెడుతుంది, ఆ రోజు అలా పోతుంది. నొప్పి ఏ నిమిషంలో మొదలైంది, ఎక్కడ మొదలైంది, కాలి బలం ఎప్పుడు తగ్గింది అన్నవి ఒక చీటీ మీద తారీఖు, టైముతో రాసి పంపితే ఆ చీటీ సీడీలంత విలువ చేస్తుంది.

ఇదంతా చదివి నడుం నొప్పి వచ్చిన ప్రతివారూ యాంజియోగ్రామ్ కోసం బయల్దేరనక్కర్లేదు. రోజూ ఉండే నొప్పి, పడుకుంటే తగ్గే నొప్పి, ఒక కాలిలోకి లాగే పాత నొప్పి ఇది కాదు. దీని తీరే వేరు. జీవితంలో ఎన్నడూ ఎరగనంతటి నొప్పి ఒక్క క్షణంలో రావడం, దానితోపాటు మెడ బిగువు, తలనొప్పి, కాళ్లలో బలహీనత, మర్మావయవాల చుట్టూ స్పర్శ తెలియకపోవడం, మూత్రం రాకపోవడం, వీటిలో ఏ ఒక్కటున్నా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. తెల్లారాక చూద్దామనుకోకూడదు. రక్తం పలచబడే మందులు వాడుతున్నవారైతే ఆ సంగతి మొదటే చెప్పాలి.

సకాలంలో చేరి, కాళ్లలో బలం కాస్తయినా మిగిలి ఉన్నవారు కోలుకునే అవకాశం ఎక్కువ. పూర్తిగా పడిపోయాక వచ్చినవారికి శస్త్రచికిత్స బాగా జరిగినా కొన్ని నెలల పునరావాసం తప్పదు. దేశంలో ఈ పనికి తొలి బాట వేసిన మేరీ వర్గీస్ స్వయంగా 1954లో రోడ్డు ప్రమాదంలో కాళ్లు కోల్పోయి, చక్రాల కుర్చీలోంచే ఆపరేషన్లు చేసిన డాక్టర్. వెల్లూరు సీఎంసీలో 1966లో పునరావాస కేంద్రం ఆమె నాయకత్వంలోనే వచ్చింది. అక్కడ మొదట నేర్పేవి చిన్న పనులు. రెండు గంటలకోసారి ఒత్తిగిలడం, పిరుదుల మీద పుండు పడిందేమో అద్దంలో చూసుకోవడం, మూత్రాన్ని వేళ ప్రకారం గొట్టంతో తామే తీసుకోవడం, మంచం మీంచి కుర్చీలోకి జారడం. సెక్టర్ 7 క్వార్టర్లో ఉండే మనిషైతే ఇంటికి వచ్చేముందు ఇంకో పని చేయించుకోవాలి. వాకిలి మెట్ల మీద సిమెంటుతో వాలు పోయించి, బాత్‌రూం తలుపు కుర్చీ పట్టేంత వెడల్పు చేయించాలి. క్వార్టర్ కంపెనీది కనుక అందుకు ముందు టౌన్‌షిప్ ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోవాలి.